యాకోబు తన మనుమలకు చెప్పిన త్రోవ

పాఠభాగము: ఆదికాండము 48వ అధ్యాయము



యోసేపు చరిత్రను మన ఆదివారపు బడి పిల్లలు సహితము ఎరుగుదురు. విచిత్రమైన నిలువుటంగీ, ఎండిన గుంట, పోతీఫరు ఇల్లు, చెరసాల, ఫరో కలలు, అన్నదమ్ముల కన్నీరు, వీటన్నిటిని వారు వరుసగా చెప్పగలరు. అంతటితో కథ ముగిసినదని తలంచి మనము నిర్గమకాండములోనికి దాటిపోవుచున్నాము. ఆ మధ్యనున్న 48వ అధ్యాయము చదువబడకయే మిగిలిపోవుచున్నది. ఒక ముసలి తాత మంచముమీద లేచి కూర్చుండి, పరదేశములో పుట్టి పెరిగిన ఇద్దరు మనుమలను దగ్గరకు పిలుచుకొన్న ఆ దినమును గూర్చి నేడు మీతో కొంత మాటలాడవలెనని కోరుచున్నాము.

పటములు గీయువారు ఎఫ్రాయిమును మనష్షేను తాత మోకాళ్లయొద్ద నిలిచిన చిన్నపిల్లలుగా గీయుదురు. అయితే లెక్క చూడుడి. కరవు రాకమునుపే వారిద్దరు పుట్టిరి (41:50). కరవు రెండేండ్లు గడచిన పిమ్మట యాకోబు ఐగుప్తునకు వచ్చెను. వచ్చినది మొదలు 17 సంవత్సరములు అక్కడ బ్రదికెను (47:28). కాబట్టి వారు ఇంచుమించు ఇరువది యేండ్ల పడుచువారు. వారి తల్లి ఓను యాజకుని కుమార్తె. వారి తండ్రి ఫరోకు రెండవవాడు. యోసేపు తన అన్నలతో మొదట ద్విభాషిని పెట్టుకొని మాటలాడెనని చదువుచున్నాము గనుక, ఆ నగరిలో వినబడునది ఐగుప్తు మాటయే. మనుమలు తాతతో ఏ భాషలో పలికిరో గ్రంథము చెప్పదు. గొఱ్ఱెలవాసన కొట్టు గోషెను గుడారము వారికి ఇంపుగా నుండెనో లేదో అదియును చెప్పదు. ఐగుప్తీయులకు గొఱ్ఱెల కాపరులు హేయులు అని మాత్రము చెప్పుచున్నది (46:34). అనగా తమ తాత వృత్తి తమ తల్లి దేశస్థులకు సిగ్గైన వృత్తి. ఈ సంగతిని మనస్సులో నుంచుకొని ఆ అధ్యాయమును చదువవలెను.

ఆ దినమున యాకోబు ఏమి చేసెను? బలము తెచ్చుకొని లేచి కూర్చుండెను. లూజునొద్ద దేవుడు తనకు కనబడిన సంగతి చెప్పెను. ఈ ఇద్దరును రూబేను షిమ్యోనులవలె తన కుమారులేయని లెక్కించుకొనెను. పిమ్మట, చదువరులు అంతగా గమనింపని మాట యొకటి చెప్పెను. పద్దనరామునుండి వచ్చునప్పుడు ఎఫ్రాతకు ఇంకను కొంత దూరముండగా రాహేలు మరణించెననియు, ఆమెను ఆ త్రోవలోనే పాతిపెట్టితిననియు చెప్పెను. రాహేలు యోసేపు తల్లి. ఆ పడుచువాండ్ర నాయనమ్మ. వారు ఆమెను ఎన్నడును చూడలేదు. ఆశీర్వాదము ఇయ్యవలసిన సమయమున ఈ సమాధి మాట యెందుకని కొందరు వ్యాఖ్యానకర్తలు తర్జనభర్జన పడుదురు. మనుమలున్న వారెవరును ఆ ప్రశ్న వేయరని మా తలంపు.

ఈ భాగమును మేము క్రొత్తగా చదువుటకు హేతువు మా ఇంటిలోనే కలిగెను. మా చిన్న కుమారుడు హైదరాబాదులో కంప్యూటరు ఉద్యోగము చేయుచుండగా, వాని కంపెనీవారు వానిని అమెరికాకు పంపుచున్నారని, జూను నెలలో భార్యాబిడ్డలతో వెళ్లవలెనని కబురు వచ్చెను. వారిని చూచి ప్రార్థన చేసి సాగనంపుటకై మేమిద్దరము పల్లెనుండి బయలుదేరి వెళ్లితిమి. ఇంటినిండ పెట్టెలే. పెట్టెను తూచి రెండు కిలోలు హెచ్చినదని పచ్చడి సీసాను తీయుట, మరల మనసొప్పక రెండు దుప్పట్లు తీసి పచ్చడినే పెట్టుట, దినమంతయు ఇదే పని. తొమ్మిదేండ్ల మా మనుమడు ఆ పెట్టెల మధ్య ఫోను పట్టుకొని ఒక మూల కూర్చుండెను. మేము పలుకరించినయెడల ఒక్క మాటతో జవాబిచ్చి మరల ఫోనులోనికి పోవును. వానికి మాయందు ప్రేమ లేక కాదు. పండుగకు రెండు దినములు, వేసవికి నాలుగు దినములు చూచిన ముఖములు మావి, అంతే.

అప్పుడు మా కుమారుడే, “నాయినా, ఒక్క రోజు వాణ్ణి మీరు ఎటన్నా తీసుకపోండ్రి, మాకు సర్దుకొనుటకు వీలైతది” అనెను. పిల్లవానిని అడుగగా జూ అనెను. వాని నాయనమ్మ నవ్వి, “ఏనుగు అమెరికాల గూడ ఉంటది బిడ్డా. నీ తాతకు తాత మోసిన రాయి ఆడ ఉండదు. మెదకు పోదాం రా” అనెను. ఆ మాటకు మా కుమారుని ముఖము మారెను. గుడి చూపించుట మంచిదే గాని, కూలి ముచ్చట, పూర్వపు వాడల ముచ్చట చిన్నవానికి ఎందుకు, వాడు క్రొత్త దేశములో తలయెత్తుకొని తిరుగవలసినవాడు గదా అని మెల్లగా చెప్పెను. వాడు చదువుకొన్న హాస్టలులో ‘మీరు ఏ వాడవాండ్లు’ అని అడిగి, జవాబు విని, పళ్లెము వేరుగా జరుపుకొన్న తోటివారు ఉండిరి. ఆ బాధను వాడు ఎరుగును. తన కుమారుడు దానిని ఎరుగకుండవలెనని కోరుట తండ్రి ప్రేమయే. మేము వాదింపలేదు. పిల్లవాడు అడిగినంతమట్టుకే చెప్పెదము, అడిగినయెడల మాత్రము దాచము అని చెప్పి, సద్ది కట్టుకొని, తెల్లవారి జూబిలీ బస్ స్టేషనులో మెదకు బస్సు ఎక్కితిమి.

హైదరాబాదునుండి మెదకునకు ఇంచుమించు నూరు కిలోమీటర్లు. నర్సాపూరు దాటుచోట దారికిరువైపుల అడవి యుండును. అక్కడ కోతులు రోడ్డు ప్రక్కన బారులుగా కూర్చుండును. మొదటి కోతి కనబడగానే ఫోను సంచిలోనికి పోయెను. వాడు లెక్కపెట్టుట మొదలుపెట్టెను. నలువది యొకటివరకు మాకు జ్ఞాపకమున్నది, తరువాత వాని నాయనమ్మకును వానికిని లెక్కలో తగవు వచ్చెను. పిల్లవాడు మాతో కలిసిపోయినది అప్పుడే. మేము సిద్ధపరచుకొన్న మంచి మాటలవలన కాదు.

ఎరుగని వారికొరకు ఆ దేవాలయమును గూర్చి కొంచెము చెప్పెదము. 1914వ సంవత్సరము మొదలు పదియేండ్లు కట్టబడి, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడినది. నూరేండ్లు నిండి ఇంకను గట్టిగా నిలిచియున్నది. పొడవు 200 అడుగులు, వెడల్పు 100 అడుగులు, గోపురము ఎత్తు 175 అడుగులు. వెస్లియన్ మిషనరీయైన చార్లెస్ వాకర్ పాస్నెట్ దొరగారు దానిని కట్టించిరి. అవి మొదటి ప్రపంచ యుద్ధపు దినములు, ఈ సీమలో కరవు దినములు. ఊరక గింజలు పంచిపెట్టినయెడల మనిషి చేయి చాచుటకు అలవాటుపడును గనుక, ఆకలిగొన్నవారికి పని చూపి, పనికి ఆహారమిచ్చి, ఆ గుడిని లేపిరి. క్రైస్తవులు కానివారును అక్కడ రాళ్లు మోసి బిడ్డలను బ్రదికించుకొనిరి. ఆ మోసినవారిలో మా తాతగారు ఒకరు. అప్పటికి ఆయన ఇంకను బాప్తిస్మము పొందలేదు. తట్ట మోసిన దినమున ఇంటిలో పొయ్యి రాజినదని, మోయని దినమున రాజలేదని ఆయన చెప్పుచుండగా చిన్నతనమున విన్నాము.

బస్సు ఊరు చేరకమునుపే గోపురము కనబడును. పిల్లవాడు కిటికీలోనుండి తల పెట్టి, “తాతా, ఇది ఎవరు కట్టిండ్రు?” అని అడిగెను. అడిగినంతమట్టుకే చెప్పెదమని మేము మాట ఇచ్చియుంటిమి. వాడు అడిగెను.

“కట్టించినది పాస్నెట్ దొర. కట్టినవాండ్లలో నా తాత ఒకడు.”

“ఇంజనీరా?”

“కాదు బిడ్డా. రాళ్లు మోసే కూలి.”

వాడు కొంతసేపు ఏమియు అనలేదు. బస్సు దిగి ఆవరణములోనికి నడచిన తరువాత, గోడ దగ్గరకు పోయి, “ఏ రాయి?” అని అడిగెను.

ఆ ప్రశ్న మాకు తోచియుండలేదు. ఏ రాయియో చెప్పుటకు ఎవరివల్లను కాదు. అది తెలియదని చెప్పితిమి. అప్పుడు వాడు తన చేతికి అందినంత ఎత్తున, గోడ పొడుగునను, రాయి తరువాత రాయిని ముట్టుకొనుచు నడువసాగెను. ‘ఇది కావచ్చు, ఇది కావచ్చు’ అనుచు ఆ ప్రక్కనుండి ఈ ప్రక్కకు వచ్చెను. రెండువందల అడుగుల గోడ! ఎండకు రాళ్లు కాగియున్నను వాడు మానలేదు. మేము చెట్టు నీడను నిలుచుండి చూచితిమి.

యెహోషువ గ్రంథము 4వ అధ్యాయములో, యొర్దాను నడుమనుండి పండ్రెండుమంది పండ్రెండు రాళ్లను భుజములమీద మోసికొని వచ్చిరి. గిల్గాలులో ఆ రాళ్లు నిలువబెట్టబడెను. రాబోవు కాలమున పిల్లలు ఈ రాళ్లేమిటని అడుగుదురు, అప్పుడు మీరు చెప్పవలెను అని ఆజ్ఞ. అయితే ఆ పండ్రెండుమంది పేరులు అక్కడ లేవు. గోత్రమునకొకడు అని మాత్రమే యున్నది. ఎవని భుజము ఏ రాతిక్రింద కమిలినదో దేవునికి తెలియును. వారి పిల్లలును గిల్గాలునకు వచ్చి, ‘మా తాతది ఏ రాయి’ అని అడిగియుందురు కాబోలు. దేవుడు రాళ్లతో పాటు పిల్లల ప్రశ్నను కూడ ముందుగా లెక్కలో పెట్టెను. మనమైతే ప్రశ్న రాకమునుపే జవాబు చెప్పి పిల్లలను విసిగింతుము, ప్రశ్న వచ్చినప్పుడు ‘పెద్దవాడవైన తరువాత తెలియును పో’ అని త్రోసివేయుదుము.

చెట్టుక్రింద సద్ది విప్పి తినునప్పుడు వాడు మరల అడిగెను. కరవనగా ఏమి? దుకాణములు లేవా? ఆ తాతకు ఆకలి వేసెనా? నీళ్లు ఎక్కడ త్రాగిరి? నీళ్ల మాట రాగానే మేమిద్దరము ఒకరి ముఖము ఒకరము చూచుకొంటిమి. ఊరి బావిలో మనవారు చేదు వేయరాదు, పై కులపువారు దయతలచి పైనుండి పోసినయెడల దోసిట పట్టుకొని త్రాగవలెను, ఆ కాలమున అట్లుండెను అని నాయనమ్మ చెప్పెను. “ఎందుకు?” అనెను. అది పాపము బిడ్డా, మనుష్యులు చేసిన పాపము, నీళ్లలో లేదు, మన చేతులలో లేదు అని మేము చెప్పితిమి. ఇంకొకటియు చెప్పితిమి. ఏ చేతులు తాకిన బావి మైలపడునని లోకమనెనో, ఆ చేతులు మోసిన రాళ్లతో దేవుడు తన మందిరమును కట్టించుకొనెను. వాడు తన అన్నము తినుచు వినెను. తరువాత ఐస్‌క్రీము అడిగెను. కొనిపెట్టితిమి. కోట ఎక్కవలెననెను. నాయనమ్మ మోకాళ్లు ఒప్పుకొనలేదు గనుక అది మానుకొంటిమి.

మా కుమారుని మనస్సులోని మాటకు ద్వితీయోపదేశకాండము 26వ అధ్యాయము జవాబిచ్చుచున్నదని మాకు తోచుచున్నది. ఇశ్రాయేలీయుడు కనానులో స్థిరపడి, పొలము పండి, ప్రథమ ఫలముల గంపను యాజకునియొద్దకు తెచ్చినప్పుడు ఏమి పలుకవలెను? నా పితరుడు నశించుచున్న దేశదిమ్మరి అని మొదలుపెట్టవలెను. కొద్దిమందిగా ఐగుప్తునకు పోయితిమి, వారు మమ్మును బాధపెట్టిరి, మేము మొరపెట్టితిమి, ఆయన వినెను అని వరుసగా చెప్పవలెను. గంప నిండిన దినముననే ఆ మాట చెప్పవలెను, ఖాళీగా నున్న దినమున కాదు. బాధపెట్టినవారికి సిగ్గు కావలసినదే గాని, బాధపడినవారికి సిగ్గెందుకు? పూర్వపు పేదరికమును దాచినయెడల, దానిలోనుండి లేవనెత్తిన చేయియు దాగిపోవును. అయినను మా కుమారుని భయమును మేము తేలికగా త్రోసివేయము. ఈ ముచ్చట్లను పగగా చెప్పు తాతలున్నారు. మనుమని గుండెలో నిప్పు పోసి పంపుదురు. యాకోబు తాను పడిన అన్యాయములు లెక్కింపదలచినయెడల లాబాను పేరు ఎత్తకపోయెనా? 48వ అధ్యాయములో లాబాను మాట లేదు. దేవుడు కనబడిన చోటు ఉన్నది, సమాధి ఉన్నది.

అక్కడ యోసేపునకును తన తండ్రికిని భేదము వచ్చుట మీరు చూచెదరు. యాకోబు కుడిచేతిని చిన్నవాని తలమీద పెట్టగా యోసేపునకు అది ఇష్టము లేకపోయెను. తండ్రి చేయి పట్టుకొని తొలగింపబోయెను. ఐగుప్తును ఏలుచున్నవాడు గదా, ఏది ఎక్కడ ఉండవలెనో తనకు తెలియుననుకొనెను. ముసలివాడు కోపపడలేదు, చేయి తీయలేదు. తనకు తెలియునని మెల్లగా చెప్పి, తాను చేయవలసినది చేసెను. తల్లిదండ్రులకును తాతలకును మధ్య మనుమల విషయమై ఇట్టి భేదములు ప్రతి ఇంటిలోను వచ్చును. తండ్రి అధికారమును తాత లాగుకొనరాదు. మనుమలను తెచ్చినవాడును తీసికొని వెళ్లినవాడును యోసేపే. తాతకు దేవుడిచ్చినది ఒక దినము, రెండు చేతులు.

ఇప్పుడు ఆ దేవాలయములోని కిటికీల సంగతి. లండనునందు ప్రసిద్ధుడైన చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీ రచించిన రంగు అద్దముల కిటికీలు అందున్నవి. ప్రభువు జననము, సిలువ, ఆరోహణము ఆ మూటిలో కనబడును. వాని నాయనమ్మకు నీటికాసులు. వైద్యులు గ్లాకోమా అందురు. చూపు ప్రక్కలనుండి మూసికొనివచ్చి, గొట్టములోనుండి చూచినట్లు నడిమిభాగము మాత్రమే మిగులును. పోయిన చూపు తిరిగి రాదు, ఉన్నదానిని నిలుపుకొనుటకు ప్రతిదినము చుక్కల మందు వేసికొనవలెను. (నొప్పి లేకుండ వచ్చు జబ్బు ఇది. నలువది దాటినవారు, అందును ఇంటిలో ఎవరికైనను ఇది యున్నవారు, కంటి ఒత్తిడి ఒకసారి చూపించుకొనుడి.) కాబట్టి అంత పెద్ద కిటికీ ఆమెకు ఒక్కసారిగా కనబడదు. ఇక్కడొక ఎఱ్ఱని ముక్క, అక్కడొక నీలి ముక్క. పెండ్లియైన క్రొత్తలో ఆ కిటికీలను నిండుగా చూచినది. ఇప్పుడు బల్లమీద కూర్చుండి ఊరకయుండెను.

పిల్లవానికి అది అర్థమాయెను. ఎట్లు అర్థమాయెనో మేమెరుగము. బల్లలో దగ్గరగా జరిగి, ఆమె గడ్డము క్రింద చేయి పెట్టి, “నానమ్మా, ఇంకా పైకి. ఇప్పుడు ఎడమకు. అక్కడ అమ్మ ఉన్నది. ఒళ్లో బాబు ఉన్నడు. కనబడ్డదా?” అని ముక్క ముక్కగా చూపించెను. ఆమె కనబడినదనిన తరువాతనే ముందుకు పోవును. మూడు కిటికీలు ముగియుటకు ఎంతసేపు పట్టినదో మేము గడియారము చూడలేదు. సిలువ కిటికీయొద్ద వాని తెలుగు చాలలేదు, ఇంగ్లీషులో చెప్పెను. ఆమెకు ఇంగ్లీషు రాదు. అయినను తల ఊపెను. యాకోబు కన్నులును వృద్ధాప్యమువలన మసకబారెను, అతడు చూడలేకపోయెను అని 10వ వచనము. వీరెవరని అడిగిన తాత అతడు. అయినను వారిని ముద్దుపెట్టుకొని కౌగిలించుకొనెను. యోసేపు ముఖమును మరల చూచుదునని అనుకొనని తనకు దేవుడు అతని సంతానమునుకూడ చూపెనని ఆ చూపులేని ముసలివాడే పలికెను.

పల్లెలలోనున్న మా ప్రియులారా, మీలో అనేకుల పిల్లలు పట్టణములలో, ఇతర రాష్ట్రములలో, గల్ఫు దేశములలో ఉన్నారు. సెలవులకు మనుమలు వచ్చినప్పుడు, ‘వాడు మాతో మాటాడడు, ఫోను వదలడు’ అని గుడిలో సాక్ష్యమువలె చెప్పుకొనుచున్నారు. ఒక దినము ప్రత్యేకించి వారిని వెంట తీసికొని బయలుదేరుడి. ఇంటిలో కూర్చుండబెట్టి నేర్పుటకంటె త్రోవను నడచునప్పుడు మాటాడుట సులువు. ద్వితీయోపదేశకాండము 6వ అధ్యాయములో దేవుడు ఆ సంగతిని ముందే చెప్పియున్నాడు. ప్రకాశము జిల్లావారికి ఒంగోలు కొండ యున్నది. 1854 జనవరి 1వ తేదీ తెల్లవారుజామున జూయెట్ దొరగారు, కొద్దిమందియు దానిపైని మోకరించి ప్రార్థించిరి. అక్కడికి సమీపముననే బకింగ్‌హాం కాలువ పారుచున్నది. 1876-78 నాటి మహా కరవులో క్లౌ దొరగారు దానిలో మూడున్నర మైళ్ల త్రవ్వకమును గుత్తకు తీసికొని, ఆకలిగొన్న మనవారికి పని చూపిరి. కరవు తీరిన తరువాతనే, 1878 జూలై 3న వెల్లంపల్లియొద్ద గుండ్లకమ్మలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఖమ్మము, వరంగల్లు సీమవారికి డోర్నకల్లులో అజరయ్య అయ్యగారు కట్టించిన దేవాలయమున్నది. 1939లో ప్రతిష్ఠ జరిగినది. దూరము పోలేనివారు మీ ఊరి సమాధుల దొడ్డికి పోవచ్చును. మొదట ప్రార్థన జరిగిన చింతచెట్టు ఇంకను ఉన్నయెడల దాని క్రిందకు పోవచ్చును. నయోమి తన ఒడిలో ఓబేదును పెట్టుకొని ఎక్కడికి పోయెనో మనకు తెలియదు. బేత్లెహేము చిన్న ఊరే. రూతు పరిగె ఏరుకొన్న పొలము చూపించియుండును.

ఒక్క సంగతి. ఆ దినమును పరీక్ష చేయకుడి. వాక్యము అప్పగించుమని, పది ఆజ్ఞలు చెప్పుమని దారిపొడుగున అడుగు తాతతో ఏ పిల్లవాడును రెండవసారి రాడు. తినుబండారములు కొనిపెట్టుడి. ఆలసట చెందినయెడల కూర్చుండనియ్యుడి. ప్రభువు పండ్రెండేండ్లవాడై యెరూషలేమునకు వెళ్లినప్పుడు బంధువులు, నెళవైనవారు గుంపుగా ప్రయాణము చేసిరి. ఒక దినమంతయు ఆయన కనబడకపోయినను తల్లిదండ్రులు కలత చెందకపోవుటకు కారణమేమి? ముసలివారితోనో, చుట్టములతోనో నడచుచుండునని నమ్మిరి. పిల్లవాడు పెద్దలలో ఎవరితోనైనను నడువగలిగిన గుంపు అది. అట్టి గుంపు మన సంఘములలో ఇంకను ఉన్నదా అని మేము కొన్నిసార్లు ఆలోచించుచున్నాము. మనుమలు లేని వృద్ధులున్నారు, తాతలు లేని పిల్లలున్నారు. ఒకరి చేయి ఒకరికి అందించుట సంఘపెద్దలకు కష్టమైన పని కాదు. తిమోతికి అవ్వయైన లోయి ఉండెను. తీతునకు ఎవరుండిరో వ్రాయబడలేదు.

జూను నెలలో వారు వెళ్లిపోయిరి. విమానాశ్రయములో మా కుమారుడు, ‘వాడు అంతయు చెప్పినాడు నాయినా’ అని మాత్రము అనెను. మంచిదనెనో చెడ్డదనెనో మేము అడుగలేదు. మా పాదములకు నమస్కరించినప్పుడు కొంచెము ఎక్కువసేపు వంగియుండెను. బిడ్డలు సముద్రములు దాటిపోవుచున్నారని రాత్రులు నిద్రపట్టని తల్లిదండ్రులు ఈ పత్రికను చదువువారిలో ఉన్నారని ఎరిగి, బెయేర్షెబాను మీకు జ్ఞాపకము చేయుచున్నాము. ఐగుప్తునకు పోవుటకు యాకోబే భయపడెను. భయపడవద్దనియు, తానును కూడ అక్కడికి వచ్చెదననియు దేవుడు రాత్రి దర్శనములో అతనితో పలికెను (46:1-4).

ఆ దినమును గూర్చి మా మనుమనికి ఏమి జ్ఞాపకముండునో చెప్పలేము. ఆదివారము సాయంకాలము ఫోనులో మాటాడునప్పుడు ఇప్పటికిని కోతుల లెక్కయే మొదట ఎత్తుచున్నాడు. నాయనమ్మ నలువది యొకటి అనును. వాడు నలువది మూడు అనును. మొన్న మాత్రము, చుక్కలు వేసికొంటివా అని అడిగెను.

ఈ పత్రిక చూచి మెదకునకు పోదలచినవారికి ఒక మాట. ఆ రంగు కిటికీలు వెలుపలి సూర్యకాంతివలననే కనబడును. లోపల ఎన్ని దీపములు వెలిగించినను రాత్రివేళ అవి నల్లగా నుండును. కాబట్టి ప్రొద్దు వాలకమునుపే చేరునట్లు ఉదయపు బస్సునకే బయలుదేరుడి. నర్సాపూరు అడవిలో కోతులు కిటికీలోనుండి చేయి పెట్టును గనుక సద్దిమూట ఒడిలో పెట్టుకొనుడి.